కుర్చీ కింద, మనిషి పైన

చక్రాల కుర్చీలో తిరిగే మనిషి హైదరాబాద్ మెట్రో ఎక్కితే తన కుర్చీతోనే ఎక్కుతాడు. లండన్‌లో ఎర్ర బస్సు ఎక్కినా అంతే, కుర్చీ దిగనక్కర్లేదు. విమానం తలుపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇద్దరి దారులూ వేరవుతాయి. కుర్చీ కిందికి, సూట్‌కేసుల మధ్యకి; మనిషి పైకి, లోడర్ల చేతుల మీదుగా సీట్లోకి. మన ఆర్టీసీ ఆర్డినరీ బస్సు దగ్గర ఈ పేచీ కూడా లేదు. మనిషీ కుర్చీ రెండూ రోడ్డు మీదే ఉండిపోతాయి.

చట్టాలకు కొరతేమీ లేదు. 1995లో ఒకటి, 2016లో ఇంకోటి మనకే ఉన్నాయి. అమెరికా, బ్రిటన్, యూరప్ అంతకుముందూ ఆ తర్వాతా చాలా రాసుకున్నాయి. అయినా ప్రయాణం చెడిన సందర్భాలు తిరగేస్తే అన్నీ దాదాపు ఒకే రకం చోట కనిపిస్తాయి: చేతులు మారే చోట. కౌంటర్ నుంచి గేటుకి, గేటు నుంచి సీటుకి, లోడరు చేతిలోంచి కార్గోలోకి, ఫుట్‌పాత్ మీంచి ఫుట్‌బోర్డు మీదికి. ఆ అతుకు దగ్గర బాధ్యత ఎవరిదో ముందే తేల్చుకున్న చోట బండి కదులుతోంది. తేల్చుకోని చోట మనిషి ఎదురుచూస్తున్నాడు.

అసలు విమానంలో సొంత కుర్చీలో ఎందుకు కూర్చోనివ్వరు? విమానం సీటు అంటే వట్టి కూర్చునే చోటు కాదు, ప్రమాదంలో ఊడిపోకుండా నిలబడాల్సిన యంత్రభాగం. పరీక్షలో దాన్ని ముందువైపు 16 జీ తాకిడికి, అంటే మామూలు బరువుకి పదహారు రెట్ల బలానికి గురిచేస్తారు. వాడుకలో ఉన్న చక్రాల కుర్చీలను ఆ లెక్కన తయారు చెయ్యరు. దీనికో దారి వెతికే పని మాత్రం మొదలైంది. బ్రిటన్‌లోని ఎయిర్‌ఫర్‌ఆల్ బృందం, డెల్టా విమాన సంస్థకు చెందిన డెల్టా ఫ్లైట్ ప్రొడక్ట్స్ కలిసి 2023 జూన్‌లో హాంబర్గ్ ప్రదర్శనలో ఒక నమూనా పెట్టాయి. మామూలు సీటు అడుగుభాగాన్ని పైకి మడిస్తే ఆ చోట చక్రాల కుర్చీని నేలకు బిగించుకోవచ్చు. ఎవరూ రాని రోజు అది మామూలు సీటే కాబట్టి సంస్థకు టిక్కెట్టు నష్టం లేదు. తెలివైన ఆలోచన, కానీ పరీక్షలన్నీ దాటి నిత్యం ఎగిరే విమానాల్లోకి రావాలి కదా. అందాకా మనిషిని ఎత్తి కూర్చోబెట్టడమే గతి.

ఆ ఎత్తడం ఎలా ఉంటుందో బయటివాళ్లకు పెద్దగా తెలియదు. విమానం నడవ చక్రాల కుర్చీ పట్టేంత వెడల్పు ఉండదు. అందుకని సన్నటి కుర్చీ ఒకటి తెస్తారు, దానికి చేతులానించే కొమ్ములుండవు, బెల్టులుంటాయి. మనిషిని అందులోకి మార్చి, ఛాతీ మీదుగా, మోకాళ్ల దగ్గర కట్టి, వరసల మధ్య నుంచి లాక్కెళతారు. సీటు దగ్గర ఒకరు వెనక నుంచి చంకల కింద చేతులు వేస్తారు, ఇంకొకరు మోకాళ్ల కింద పడతారు. ‘ఒకటి, రెండు, మూడు’ అని ఇద్దరూ ఒకేసారి లేపితే సరే. ఒకరు ముందు, ఒకరు వెనక అయితే నడుము సీటు కొమ్ముకి కొట్టుకుంటుంది. వెన్నెముక దెబ్బతిన్నవారికి కాళ్లలో స్పర్శ ఉండదు, తగిలిన దెబ్బ హోటల్‌కి వెళ్లి దుస్తులు మార్చుకున్నాకగానీ తెలియదు. అందుకే అనుభవజ్ఞులు లోడర్లకు తామే ఒక్కొక్క మాటగా చెప్పి చేయించుకుంటారు. సీటు కొమ్ము పైకి లేపే మీట కింద ఎక్కడో దాగి ఉంటుందని సిబ్బందికి గుర్తుచేసేదీ చాలాసార్లు వాళ్లే.

ఇందులో బుకింగ్ నాడే పడే ముడి ఇంకోటి ఉంది. విమానయాన భాషలో ‘వీల్‌చైర్’ ఒకటి కాదు, మూడు. డబ్ల్యూసీహెచ్‌ఆర్ అంటే మెట్లు ఎక్కగలరు, ఎక్కువ దూరం నడవలేరు. డబ్ల్యూసీహెచ్‌ఎస్ అంటే మెట్లు ఎక్కలేరు, లోపల సీటు దాకా నడవగలరు. డబ్ల్యూసీహెచ్‌సీ అంటే సీటు దాకా మోయాల్సిందే. ట్రావెల్ ఏజెంటు మూడోది రాయాల్సిన చోట మొదటిది రాశాడంటే, ఏరోబ్రిడ్జి లేని చోట ఆగిన విమానం మెట్ల కింద ప్రయాణికుడు తెల్లబోయి చూడాల్సి వస్తుంది. పైకి లేపే అంబులిఫ్ట్‌ను ఎవరూ పిలిచి ఉండరు మరి.

కూర్చున్నాక ఇంకో చిక్కు, మరుగుదొడ్డి. ఒకే నడవ ఉన్న విమానాల్లో అది ఎంత ఇరుకో అందరికీ తెలుసు. సాయం చేసే మనిషితో కలిసి లోపలికి వెళ్లడం కుదిరే పని కాదు. అందుకని చాలామంది ప్రయాణానికి ముందు రోజు నుంచే నీళ్లు తగ్గించేస్తారు. అమెరికా 2023 జులైలో కొత్త నియమం తెచ్చింది, ఇలాంటి విమానాల్లోనూ పెద్ద మరుగుదొడ్లు ఉండాలని. అయితే అది వర్తించేది 2033 తర్వాత ఆర్డరిచ్చిన, లేదా 2035 తర్వాత చేతికందిన విమానాలకు. అందాకా దాహం ఓర్చుకోవాల్సిందే.

ఇక కింద కుర్చీ సంగతి. బోయింగ్ 737 కార్గో తలుపు ఎత్తు 90 సెంటీమీటర్లు కూడా ఉండదు. వెనక ఆనుకునే భాగం, తలకు దన్ను ఉన్న మోటారు కుర్చీ దానికంటే ఎత్తు. బరువు నూటయాభై కిలోలు ఉండటం మామూలే. దాన్ని పక్కకు పడుకోబెట్టి తోస్తే జాయ్‌స్టిక్ విరుగుతుంది, వైర్లు తెగుతాయి. పైగా మోటారు చక్రాలను విడదీసే మీట ఎక్కడుందో లోడరుకి తెలియక, పట్టేసిన చక్రాలతోనే ఈడ్చేస్తాడు. ఆ మీట బొమ్మ గీసి, బాణం గుర్తు పెట్టి, కుర్చీ వీపున టేపుతో అంటించేవాళ్లున్నారు. జాయ్‌స్టిక్ విప్పి, మెత్తను చంకన పెట్టుకుని లోపలికి తెచ్చుకుంటారు. గాలి నింపిన మెత్త అయితే ఎత్తుకు వెళ్లాక ఉబ్బుతుంది, కాస్త గాలి తీసి సర్దుకోవాలి.

ఎన్ని కుర్చీలు విరుగుతున్నాయో లెక్క పెట్టి బయటపెడుతున్న దేశం అమెరికా. ఆ లెక్క చెప్పాల్సిందేనని పట్టుబట్టినవారు సెనేటర్ టామీ డక్‌వర్త్. ఇరాక్ యుద్ధంలో రెండు కాళ్లూ పోగొట్టుకున్న ఆమెకు ఇది ఎవరో చెబితే విన్న సమస్య కాదు. 2018 చివర్లో లెక్కింపు మొదలైంది. ఒక్క 2023లోనే అమెరికా సంస్థల చేతుల్లో పాడైన, పోయిన, ఆలస్యమైన కుర్చీలూ స్కూటర్లూ 11,527. నూటికి ఒకటిన్నరకు కాస్త తక్కువ. చిన్న అంకెలాగే ఉంటుంది గానీ, నూరుమందిలో ఒకరికి పైగా విమానం దిగేసరికి కాళ్లు పనిచెయ్యవు అని చదువుకుంటే దాని బరువు తెలుస్తుంది. అదే ఏడాది మయామిలో ఒక కుర్చీని సామాను జారే బల్ల మీద వదిలేస్తే కింద పడి పల్టీ కొట్టిన వీడియో దేశమంతా తిరిగింది. 2024 అక్టోబరులో ఇలాంటి తప్పులకే అమెరికన్ ఎయిర్‌లైన్స్‌కు అక్కడి రవాణా శాఖ 5 కోట్ల డాలర్ల జరిమానా వేసింది.

ఎన్‌గ్రేసియా ఫిగెరోవా కథ ఇంకా చేదు. లాస్ ఏంజెలిస్‌కు చెందిన ఈ వికలాంగ హక్కుల కార్యకర్త 2021 జులైలో వాషింగ్టన్ వెళ్లి వచ్చేసరికి, ఆమె శరీరానికి కొలతలు తీసి చేయించిన 30,000 డాలర్ల కుర్చీ ముక్కలైంది. సరిపడని కుర్చీలో గంటల తరబడి కూర్చోవాల్సి వచ్చింది. దానితో ఒత్తిడి పుండ్లు ముదిరాయి, ఇన్‌ఫెక్షన్ ఎముకకు పాకింది. ఆ అక్టోబరులో ఆమె చనిపోయారు. అమెరికా లోపలి ప్రయాణాల్లో విరిగిన కుర్చీకి కొన్న ధర మేరకు పరిహారం ఇవ్వాలి. దేశాలు దాటే ప్రయాణాల్లో వర్తించే మాంట్రియల్ ఒప్పందం మాత్రం దాన్ని సామాను కిందే లెక్కగడుతుంది. 2024 డిసెంబరులో పెంచాక కూడా ఆ పరిమితి 1,519 ఎస్‌డీఆర్‌లు (ఐఎంఎఫ్ లెక్క ప్రమాణం), అంటే రెండు వేల డాలర్ల పైచిలుకు. ఎక్కేముందే ప్రత్యేకంగా విలువ ప్రకటించి రాయించుకుంటే ఎక్కువ రాబట్టవచ్చు. ఆ సంగతి కౌంటర్‌లో ఎవరూ తమంతట తాము చెప్పరు.

మోటారు కుర్చీ, మొబిలిటీ స్కూటర్ వాడేవారికి అసలు వాదన బ్యాటరీ దగ్గర. లిథియం బ్యాటరీ వేడెక్కి అంటుకుంటే ఆర్పడం కష్టం, అందుకని విడి బ్యాటరీని కార్గోలో వెయ్యనివ్వరు. విప్పదీసే రకమైతే విప్పి, కొనలు కప్పి, చేతిసంచిలో పైకి తీసుకెళ్లాలి. అప్పుడు హద్దు 300 వాట్ అవర్లు. వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణిస్తే ఆ అంకె వస్తుంది. 24 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లు అయితే 240, దర్జాగా వెళ్లొచ్చు. అదే 20 ఆంపియర్ అవర్లయితే 480, పైకి రానివ్వరు. కుర్చీలోనే బిగించి, విప్పనక్కర్లేని రకానికి ఈ హద్దు లేదు, కుర్చీతోపాటు కిందే వెళ్తుంది. చూడ్డానికి తిరకాసుగా ఉన్నా నియమం ఇదే. ఫోన్ పవర్ బ్యాంకులకు పెట్టిన 100 వాట్ అవర్ల హద్దును దీనికీ అంటగట్టి గేటు దగ్గర ఆపే సిబ్బంది ఉంటారు కాబట్టి, ఎరిగినవారు విమాన సంస్థ ఇచ్చిన అనుమతి కాగితాన్ని అచ్చు తీసి పెట్టుకుంటారు.

మన దేశంలో ఈ గొడవ ఎక్కువగా మనిషి దగ్గరే మొదలవుతుంది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న జీజా ఘోష్ 2012 ఫిబ్రవరి 19న కోల్‌కతా నుంచి గోవాలో ఓ సదస్సుకు బయల్దేరి, స్పైస్‌జెట్ విమానంలో తన సీట్లో కూర్చున్నాక, ఆమెను దించేశారు. 2016 మే 12న సుప్రీంకోర్టు 10 లక్షల పరిహారం ఇప్పించింది. ఆమెను దించిన పదేళ్లకు, 2022 మేలో రాంచీ విమానాశ్రయంలో ప్రత్యేక అవసరాలున్న ఓ పిల్లవాణ్ని హైదరాబాద్ వచ్చే ఇండిగో విమానం ఎక్కనివ్వలేదు. తోటి ప్రయాణికుల్లో డాక్టర్లే ముందుకొచ్చి చెప్పినా వినలేదు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 5 లక్షల జరిమానా వేసి, నిబంధన మార్చింది: వైకల్యం ఉందని ఎవరినీ ఆపకూడదు, ఆరోగ్యం మీద అనుమానం ఉంటే డాక్టరు చూసి చెప్పాలి, సిబ్బంది తమకు తోచినట్టు తేల్చెయ్యకూడదు.

సోదా గది మరో అతుకు. ‘మయూరి’ సినిమాతో తెలుగువారికి దగ్గరైన సుధా చంద్రన్ 2021 అక్టోబరులో ఒక వీడియో పెట్టారు. విమానాశ్రయానికి వెళ్లిన ప్రతిసారీ కృత్రిమ కాలు విప్పించి చూస్తున్నారని, పెద్ద వయసువారికి ఇచ్చినట్టే తమకూ ఒక కార్డు ఇవ్వరాదా అని. విమానాశ్రయాల భద్రత చూసే సీఐఎస్ఎఫ్ క్షమాపణ చెప్పింది. దేశమంతా నాట్యం చూసిన నటికే ఇలా జరిగితే, సదరం సర్టిఫికెట్ పట్టుకుని తొలిసారి విమానం ఎక్కే మామూలు మనిషి ఎవరికి చెప్పుకోవాలి?

తెలుగు ఇళ్లకు బాగా తెలిసిన ఇంకో సంగతి ఉంది. డాలస్‌లో కూతురు, గుంటూరులో అమ్మానాన్న. దుబాయ్‌లోనో దోహాలోనో విమానం మారాలి. అమ్మకు ఇంగ్లిష్ రాదు, గేటు ఎక్కడో తెలియదు. కూతురు టిక్కెట్టుతో పాటు వీల్‌చైర్ పెట్టేస్తుంది, ‘తోసుకెళ్లేవాడే అన్నీ చూసుకుంటాడులే’ అని. అమ్మ మోకాళ్లకు ఏమీ లేదు. అక్కడ అసలు కావలసింది దారి చూపే మనిషి. అమెరికా, భారత్ మధ్య విమానాల్లో కుర్చీల కోసం కట్టే బారు ఇలాగే పెరిగింది. కూతుర్ని తప్పుపట్టడానికి మనసొప్పదు, కానీ దీని ఖర్చు ఇంకొకరు కడుతున్నారు. 2024 ఫిబ్రవరి 12న న్యూయార్క్ నుంచి ముంబై దిగిన 80 ఏళ్లాయన, ఆయన భార్య ఇద్దరూ కుర్చీలు అడిగి ఉంచారు. ఒకటే వచ్చింది. భార్యను అందులో కూర్చోబెట్టి తాను నడిచారు, ఇమిగ్రేషన్ దగ్గర కుప్పకూలి చనిపోయారు. ఎయిర్ ఇండియాకు 30 లక్షల జరిమానా పడింది. నిజానికి దారి చూపే సాయానికి విమాన సంస్థల్లో వేరే కోడ్ ఉంది, మాస్ అంటారు. మీట్ అండ్ అసిస్ట్. అది అడిగితే తోడుగా మనిషి వస్తాడు, కుర్చీ అక్కర్లేదు. దాన్ని ఉచితంగా, నమ్మకంగా ఇస్తే బారు బాగా తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్నవారి దగ్గర కుర్చీకి డబ్బులు వసూలు చేద్దామన్న ఆలోచన కంటే ఇది మేలు. ఎవరు ఆరోగ్యవంతులో కౌంటర్‌లో కూర్చున్నవాడు తేల్చడం మొదలుపెడితే, బయటికి కనపడని జబ్బులున్నవారి గతేమిటి?

సాయం ఎవరి బాధ్యతన్న ముడిని యూరప్ ఇంకోలా విప్పింది. 2008 నుంచి అక్కడ సాయం చేసే బాధ్యత విమాన సంస్థది కాదు, విమానాశ్రయానిది. సంస్థలన్నీ ప్రయాణికుల లెక్కన చందా కడతాయి, విమానాశ్రయం ఒకే బృందాన్ని నడుపుతుంది. ఆలస్యాలు అక్కడా ఉన్నాయి గానీ, ‘మా పని కాదు’ అన్న మాటకు చోటు తగ్గింది.

ఇక బస్సు చరిత్ర చూస్తే, కుర్చీతో ఎక్కే వీలు బతిమాలితే వచ్చింది కాదు. 1978 జులై 5న అమెరికాలోని డెన్వర్‌లో 19 మంది చక్రాల కుర్చీల వాళ్లు నడిబజారులో బస్సులకు ముందూ వెనకా అడ్డంగా నిలిచారు. కొందరు కుర్చీలు దిగి రోడ్డు మీదే పడుకున్నారు, రాత్రంతా. లిఫ్టుల్లేని బస్సులు కొన్నందుకు. అరెస్టు చేసి తీసుకెళ్దామంటే పోలీసు వ్యానుకు కూడా లిఫ్టు లేదు కదా, ఆ తిప్పలు వేరే. పన్నెండేళ్లకు 1990లో వచ్చిన వికలాంగుల చట్టం కొత్తగా కొనే ప్రతి సిటీ బస్సులో లిఫ్టో ర్యాంపో ఉండి తీరాలంది. బ్రిటన్ 2000లో నియమాలు రాసి, సింగిల్ డెక్ బస్సులకు 2016, డబుల్ డెక్ వాటికి 2017, దూరప్రాంత కోచ్‌లకు 2020 గడువు పెట్టింది.

చోటు ఇచ్చినంత మాత్రాన తెగలేదు. 2012 ఫిబ్రవరిలో డగ్ పాలీ అనే ఆయన వెదర్బీ నుంచి లీడ్స్ వెళ్లే బస్సు ఎక్కబోతే, చక్రాల కుర్చీ చోటులో పిల్లల బండి ఉంది, బిడ్డ నిద్రపోతోంది. తల్లి జరగనంది. డ్రైవరు అడిగి ఊరుకున్నాడు. పాలీ ఆ బస్సు వదులుకున్నాడు, కోర్టుకెళ్లాడు. 2017 జనవరిలో బ్రిటన్ సుప్రీంకోర్టు తేల్చింది: అడిగి ఊరుకుంటే సరిపోదు, కారణం లేకుండా మొండికేస్తే డ్రైవరు ఇంకో అడుగు వెయ్యాలి, అవసరమైతే కాసేపు బండి ఆపాలి. మన బస్సుల్లో వికలాంగుల సీటు దగ్గర కండక్టర్లు పడే సంకటం అచ్చం ఇదే.

మొబిలిటీ స్కూటర్‌కు బస్సులో ఇంకో ఇబ్బంది. కుర్చీలా ఉన్నచోటే తిరగదు. బ్రిటన్‌లో అందుకే సంస్థలు ఒక కొలత పెట్టుకున్నాయి: వెడల్పు 600, పొడవు 1,000 మిల్లీమీటర్లు దాటకూడదు, 1,200లో మలుపు తిరగాలి. అంతకు లోపు ఉన్నవారు శిక్షణకు వచ్చి నడిపి చూపిస్తే పాసు ఇస్తారు, ఇక రోజూ డ్రైవర్‌తో వాదన లేదు. మన ఊళ్లలో ఆ తరహా స్కూటర్ కనపడటం అరుదు. మనకున్నది పెట్రోలు స్కూటీకి వెనక రెండు పక్క చక్రాలు బిగించినది, ప్రభుత్వాలు కూడా పంచుతున్నది. ఊళ్లో అది ఎక్కడికైనా తీసుకెళ్తుంది. బస్టాండు దాకా కూడా. అక్కడ పార్కింగ్‌లో దిగాక ప్లాట్‌ఫారం దాకా పాకాలా అన్నదే ప్రశ్న. మద్రాస్ ఐఐటీలో పుట్టిన నియోమోషన్ సంస్థ చేసిన నియోబోల్ట్ దీనికి మంచి జవాబు: చక్రాల కుర్చీకి ముందు తగిలిస్తే స్కూటర్, తీసేస్తే మళ్లీ కుర్చీ.

కుర్చీతో బస్సు ఎక్కడం ఎత్తు లెక్క. ఆర్డినరీ బస్సు నేల ఎత్తు మీటరుకు అటూఇటూగా ఉంటుంది, మన నగర బస్సుల ప్రమాణాల్లో లోఫ్లోర్ అంటే 400 మిల్లీమీటర్లు. బస్సు పక్కకు ఓ 60 మిల్లీమీటర్లు వంగిందనుకుందాం, 340. స్టాపులో 150 ఎత్తు ఫుట్‌పాత్‌కు ఆనించి ఆపితే మిగిలేది 190. మీటరు పొడవు ర్యాంపు మీద ఒకరు తోస్తే ఎక్కేయొచ్చు. కానీ మన డ్రైవరు బస్సు ఆపేది నడిరోడ్డులో. ఫుట్‌పాత్ ముందు ఆటోలు, పండ్ల బండ్లు. అప్పుడు అదే ర్యాంపు 340 ఎక్కాలి, అంటే మూడడుగులకు ఒక అడుగు పైకి. కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. ఖరీదైన లోఫ్లోర్ బస్సు కొని కూడా ఫలితం రాకపోవడానికి కారణం ఇంతే. బస్సు ఆర్టీసీది, స్టాపు మున్సిపాలిటీది, ఆటోలు ట్రాఫిక్ పోలీసులవి.

కేంద్రం 2019 డిసెంబరులో మోటారు వాహనాల నిబంధనలు సవరించి, 2020 మార్చి 1 నుంచి కొత్త బస్సుల్లో ప్రత్యేక సీట్లు, ఊతకర్రలకు చోటు, చక్రాల కుర్చీ ఎక్కే, బిగించే ఏర్పాటు ఉండాలంది. ఢిల్లీలో ఎత్తు బస్సులు కొనబోతే వికలాంగ హక్కుల కార్యకర్త నిపుణ్ మల్హోత్రా హైకోర్టుకు వెళ్లారు, చివరికి హైడ్రాలిక్ లిఫ్టులతో వచ్చాయి. చెన్నైలో మరో కార్యకర్త వైష్ణవి జయకుమార్ ఏళ్ల తరబడి కేసు నడిపితే 2024 ఆగస్టు నుంచి లోఫ్లోర్ బస్సులు మళ్లీ రోడ్డెక్కాయి. రెండుచోట్లా కోర్టు మెట్లు ఎక్కాకే ఫలితం దక్కింది.

తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. పోలియోతో కాళ్లు పడిపోయిన అమ్మాయికీ అది వర్తిస్తుంది, ఎవరైనా ఎత్తి లోపల కూర్చోబెడితే. టిక్కెట్టు డబ్బుల కంటే ఆటోకు పెట్టే డబ్బులే ఆమెకు భారం.

2024 నవంబరు 8న సుప్రీంకోర్టు రాజీవ్ రతూరి కేసులో, సలహాల్లా రాసిన అందుబాటు నియమాలు చెల్లవని, తప్పనిసరి ప్రమాణాలు రాయాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలోని వికలాంగ అధ్యయన కేంద్రం తయారుచేసింది. అదే హైదరాబాద్‌కు కేంద్ర పథకం పీఎం ఈ-డ్రైవ్ కింద 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించారు. ఈ తరహా పథకాల్లో బస్సు ప్రైవేటు కంపెనీది, డ్రైవరూ వాళ్ల మనిషే, కండక్టరు ఆర్టీసీ మనిషి, కంపెనీకి కిలోమీటరుకు ఇంత అని చెల్లిస్తారు. డ్రైవరు ర్యాంపు వేయడానికి ఆగితే పోయే రెండు నిమిషాలకు ట్రిప్పు ఆలస్యమైందని కంపెనీకి కోత పడుతుందా లేదా, సీట్లోంచి దిగి ర్యాంపు పరచాల్సింది డ్రైవరా కండక్టరా అన్నది ఒప్పందంలో రాయాల్సిన వాక్యం. ఒకసారి రోడ్డెక్కిన బస్సు పన్నెండేళ్లు తిరుగుతుంది.